మణికట్టుతో తెరిచే సొరుగులు

ఈ మధ్య మా వీధి కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని నా దగ్గరికొస్తున్నారు. వ్యానును ఇల్లుగా మార్చుకునే వీడియోలు చూపించి, "బాబాయ్, ఇలాంటి బండికి నువ్వు సొరుగులు చేశావంటగా, ఎలా చెయ్యాలి?" అని అడుగుతున్నారు. ఆ వీడియోలో ఒకతను చొక్కా నలక్కుండా, పాట వినపడుతుండగా, టీ చల్లారేలోపు పని ముగించేస్తాడు. స్క్రూలు వాటంతట అవే దిగిపోతాయి. చెక్క చెప్పిన మాట వింటుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి కూర్చుని రాసేస్తే అడిగినవాళ్లందరికీ ఇదే చేతిలో పెట్టొచ్చని మొదలుపెట్టాను. కొలతలు చెప్పను. మీ బండి కొలతలు మీరే తీసుకోవాలి. మా పని ఎక్కడ చెడిందో, ఏ రోజున కుదిరిందో మాత్రం చెబుతాను.

నేను తెనాలిలో వడ్రంగిని. పని నేర్చుకున్నదీ, పని మానేసిందీ ఒకే షెడ్డులో. ఆ షెడ్డు యజమానీ నాకు గురువూ ఒక్కరే, ఊరంతా ఆయన్ను పెద్ద మేస్త్రి అనేవారు. నేను చెప్పబోయే రోజులకు ఆయనకు డెబ్బై దాటాయి, నాకు అరవై దగ్గర పడ్డాయి. అయినా నన్ను "ఒరే అబ్బాయ్" అనే పిలిచేవాడు. చిత్రిక పట్టడంలో ఆయనంతటివాడు చుట్టుపక్కల లేడు. మొండితనంలోనూ అంతే.

ఆయనకో అలవాటు ఉండేది. బీరువా కానీ బల్ల కానీ చేయమని ఎవరొచ్చినా, చెక్క సంగతి మాట్లాడకముందే దిక్కు అడిగేవాడు. బరువైన సామాను నైరుతి మూల ఉండాలి. తలుపైనా సొరుగైనా తూర్పుకో ఉత్తరానికో తెరుచుకోవాలి. దక్షిణానికి తెరుచుకునే సొరుగు ఆయన చేతి మీదుగా ఒక్కటి కూడా బయటికి పోలేదు. ఇంటివాళ్లు పట్టింపు లేదన్నా ఆయన వినేవాడు కాదు. "వాళ్లకు లేకపోతే పోయె, నాకుంది" అనేవాడు. అన్నం తినే ముందు కాళ్లు కడుక్కోందే కూర్చోలేని మనుషులుంటారే, అలాంటిది.

ఒకరోజు షెడ్డు ముందు ఒక పాత వ్యాను ఆగింది. దానికంటే ముందు దాని వాసన వచ్చింది. అదివరకు నిజాంపట్నం వైపు రొయ్యలు మోసిన బండి అది. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదని తరవాత తెలిసింది. ఉల్లిపాయ కూడా ముట్టని మా పెద్ద మేస్త్రి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి కూర్చున్నాడు.

బండి లోంచి దిగింది మా ఊరి భార్యాభర్తలే. ముస్లింలు, మార్కెట్ వెనక వీధిలో ఉంటారు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఈ ప్రాంతం నుంచి శ్రీశైలం, తిరుపతి, బెంగుళూరు దాకా నడపని దారి లేదు. ఆవిడకు కీళ్లవాతం. రెండు చేతుల వేళ్లూ లోపలికి వంగిపోయి ఉన్నాయి.

డ్రైవరు గారు బండి గురించి చెబుతున్నాడు. మంచం ఇక్కడ, పొయ్యి అక్కడ, నీళ్ల డబ్బా ఇదిగో ఇక్కడ అని. ఆవిడ ఆ మాటలేవీ వినటం లేదు. నేరుగా మేం పాలిష్ పెట్టి ఉంచిన ఒక బీరువా దగ్గరికి వెళ్లి, కింద ఉన్న సొరుగు పిడి పట్టుకుని లాగింది. రాలేదు. పక్కనున్న రాతబల్ల సొరుగు లాగింది. అదీ రాలేదు. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దన్నా. నేను తెరవగలనా లేదా అన్నదే చూస్తన్నా."

అప్పుడు డ్రైవరు గారు మాట్లాడటం ఆపేశాడు. ఆవిడ మా ముందు స్టూలు మీద కూర్చుని తన సంగతి తానే చెప్పింది.

"ఇంట్లో నన్ను కూర్చోబెట్టేశారన్నా. మా చెల్లెలొస్తే చేతిలో గిన్నె లాక్కుంటది. పక్కింటావిడొస్తే చీపురు లాక్కుంటది. ఈయనేమో మంచినీళ్లు కూడా అందిస్తాడు. అందరూ మంచోళ్లే. నాకే పనంటూ లేకుండా పోయింది. ఈయన డ్యూటీ దిగొచ్చి ఆ ఘాటు రోడ్డు ఇట్టా ఉంది, ఆ మలుపులో చాయ్ ఇట్టా ఉందని చెప్తంటే, వింటా వింటా వయసైపోయింది. ఇంక నేను చూడాలి. బండి కొందామన్నది నేనే."

"చూడండమ్మా, మంచిదేగా" అన్నాను.

"చూస్తా. కానీ దార్లో ప్రతిదానికీ 'ఏవండీ అది అందివ్వండి, ఇది తియ్యండి' అంటా కూర్చోవాలంటే నాకు ఇల్లే చాలు. చాయ్ నేను పెట్టాలి. పంచదార డబ్బా నేను తీసుకోవాలి. మంచం ఎట్టా ఉన్నా సర్దుకుంటా. సొరుగులు మాత్రం ఈ చేతికి తెరుచుకోవాలి. లేదా, బండి అమ్మేసుకోమని ఈయనకు ముందే చెప్పాను."

ఆ చివరి మాట కోపంగా అనలేదు, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది. అందుకే నాకు అది గట్టిగా తగిలింది.

పని ఒప్పుకున్నాం. ఇక మా పెద్ద మేస్త్రి తన ప్రశ్న అడిగాడు. "బండికి తూర్పు ఎటు?"

డ్రైవరు గారు అయోమయంగా నా వైపు చూశాడు. ఆవిడ మాత్రం నవ్వేసింది. "పెద్దాయనా, మేం నమాజుకే దిక్కు ఎక్కడికక్కడ చూసుకుంటాం. బండి తిరిగితే దిక్కూ తిరుగుద్దిగా."

"తిరగనీ తల్లీ. ఇల్లన్నాక ముఖం ఉంటుంది. ముఖం తూర్పు" అని తేల్చేశాడు ఆయన. బండి ముక్కు తూర్పు. అంటే డ్రైవరు సీటు వైపున వెనక మూల నైరుతి. బరువంతా అక్కడ. సొరుగులు అక్కడి నుంచి తూర్పుకు, అంటే డ్రైవరు వీపు వైపుకు తెరుచుకోవాలి. ఆ కుటుంబానికి ఈ లెక్కలతో నిమిత్తం లేదు. కానీ ఆవిడ "మీ ఇష్టం పెద్దాయనా, నా చేతికి వస్తే చాలు" అంది. నేనూ అడ్డు చెప్పలేదు. నాకు ఆయన దిక్కుల గోలలో ఎప్పుడూ నష్టం కనపడలేదు. ఇళ్లకు చేస్తున్నంత కాలం నష్టం లేదు కూడా.

ఆవిడ చేతి కోసమని ఖరీదైన ఛానెళ్లు తెచ్చాను. లోపల గుండ్రటి బాల్స్ ఉండి జారే ఇనప పట్టీలు అవి. సొరుగు ఊదితే కదిలేది. రసమట్టం పెట్టి, ఏ వైపూ ఇసుమంత వాలకుండా బిగించాం. షెడ్డులో ఆవిడ వచ్చి వంగిన వేలితో ఇలా తాకిందో లేదో సొరుగు చివరిదాకా బయటికి వచ్చేసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. మా ఇద్దరి ముఖాలూ అంతే. పెద్ద మేస్త్రి రొయ్యల వాసన కూడా మర్చిపోయి బండిలో చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు రేపల్లె దాకా వెళ్లి చూద్దామని బయల్దేరాం. సామాను నింపాం. ముందు డ్రైవరు గారు, వెనక బెంచీ మీద ఆవిడ, పక్కన మేమిద్దరం. ఊరు దాటేదాకా బాగానే ఉంది. జంపని దాటాక రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతల కాలంలో మా వైపు ఇది మామూలే. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు గారు బ్రేకు వేశాడు.

సొరుగులన్నీ ఒక్కసారిగా బయటికి దూకాయి. బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డవాళ్లు ముందుకు పడతారని తెలియనివాడెవడు? ఇంతమంది పెద్దవాళ్లం ఉండి, ముందుకు తెరుచుకునే సొరుగులకు ఊదితే కదిలే ఛానెళ్లు బిగించాం. కందిపప్పు డబ్బా పెద్ద మేస్త్రి మోకాలి చిప్పకు తగిలింది. టీ పొడి గాల్లోకి లేచింది. పంచదార బండంతా పరుచుకుంది. ఆవిడ లేచి అరచేతులతో ఒక సొరుగు లోపలికి నెట్టేది, రెండోది బయటికి వచ్చేది. దాన్ని నెడితే మొదటిది వచ్చేది. మేం లేవబోతే "కూర్చోండి" అని గట్టిగా అంది. కాసేపటికి తనే ఆపేసింది.

"ఏవండీ, బండి ఆపండి."

ఆవిడ దిగి ముందు సీట్లోకి వెళ్లి కూర్చుంది. ఆ తరవాత వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకున్నారు. వాళ్లు ఉర్దూలోకి మారారంటే మాకు వినపడకూడని మాటలు వచ్చాయని అప్పటికే నాకు తెలుసు. రేపల్లె పోలేదు, అక్కడే వెనక్కి తిప్పాం. దారంతా ఆవిడ ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. షెడ్డు దగ్గర దిగాక డ్రైవరు గారు గొంతు తగ్గించి, "మేస్త్రి గారూ, బండికి బేరం ఏదైనా తగిలితే చెప్పమంటంది" అన్నాడు. స్టీరింగు మీద చెయ్యి పెడితే లారీలు తప్పుకునే మనిషి ఆయన. ఆ మాట అనేటప్పుడు నేల చూస్తున్నాడు.

"బేరం తరవాత. ముందు నాలుగు రోజులు బండి ఇక్కడ ఉంచండి" అన్నాను. ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. అనేశాక చెయ్యక తప్పదు కదా.

సొరుగులు ముందుకు కాకుండా పక్కకు తెరుచుకోవాలని నేను అన్నాను. పెద్ద మేస్త్రి మోకాలికి ఆముదం రాసుకుంటూ కూడా ససేమిరా అన్నాడు. "దోషం దిక్కుది కాదు, బ్రేకుది. మెల్లగా ఆపమను" అన్నాడు. నేను చాకుపీసుతో నేల మీద బండి బొమ్మ వేసి, బ్రేకు వేస్తే సామాను ఎటు పోతుందో బాణం గుర్తులతో చూపించాను. ఆయన బొమ్మను కాలితో చెరిపేశాడు. ఒక పూటంతా మాటల్లేవు. ఇద్దరం ఒకే రంపానికి చెరో వైపు ఉండి కోస్తూ కూడా మాట్లాడుకోలేదు, అదెంత కష్టమో వడ్రంగులకు తెలుస్తుంది. చివరికి నేనే ఇంకో దారి పట్టాను.

"బాబాయ్, తూర్పు కాకపోతే ఉత్తరం మంచిదే కదా?"

"మంచిదేరా."

"బండి ముక్కు తూర్పయితే, డ్రైవరు వైపు గోడ దక్షిణం గోడ. సొరుగులు ఆ గోడకు ఆనించి బిగిస్తే ఉత్తరానికి తెరుచుకుంటాయి. అంటే పక్కకు."

ఆయన ఉలి కింద పెట్టి, "ఆ మాట ముందే చెప్పొచ్చుగా, బొమ్మలెందుకు?" అన్నాడు. పెద్దవాళ్లతో పనిచేసే కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నేను బాణాలు గీసి గెలవలేకపోయాను, ఉత్తరంతో గెలిచాను.

ఛానెళ్లు పీకేశాం. వాటి బదులు నున్నగా చిత్రిక పట్టిన టేకు బద్దలు వేసి మైనం రుద్దాం. సొరుగు తనంతట తను కదలదు, లాగితే బరువుగా ఉండదు. ఇక మలుపుల్లో తెరుచుకోకుండా ఒక్కో దానికీ చిన్న ఇత్తడి గడియ బిగించాం. నేనూ పెద్ద మేస్త్రీ సొరుగులు పట్టుకుని ఊపి చూశాం, గుద్ది చూశాం. కదల్లేదు. ఇక అయిపోయిందనుకుని కబురు పంపాం.

ఆవిడ కూరగాయల మార్కెట్ నుంచి అటే వచ్చింది. సంచీ కింద పెట్టి బండెక్కింది. గడియ మీద వేలు పెట్టింది. ఆ ఇత్తడి ముక్క గోరంత ఉంటుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి పక్కకు జరపాలి. ఆవిడ వేళ్లు దాన్ని పట్టలేవు. బొటనవేలి పక్కతో నెట్టింది, చూపుడువేలి కణుపుతో నెట్టింది, ఆ చేత్తో కాదని ఈ చేత్తో నెట్టింది. నుదుటి మీద చెమట పట్టింది. డ్రైవరు గారు కిందనుంచి చూస్తూ రెండుసార్లు మెట్టు మీద కాలు పెట్టి మళ్లీ తీసేశాడు.

ఆవిడ దిగి వచ్చి నా ముందు నిలబడింది.

"బాగా చేశారన్నా. కానీ ఇది సామాను కోసం చేశారు. నా కోసం కాదు."

నేను పనిలోకి వచ్చిన కొత్తలో పెద్ద మేస్త్రి చేత చెంపదెబ్బలు తిన్నాను. అవేవీ ఇంత నొప్పి పెట్టలేదు. ఎందుకంటే ఆవిడ అన్నది అక్షరాలా నిజం. మొదట ఆవిడ చేతి కోసం చేసి సామాను సంగతి మరిచాం. రెండోసారి సామాను కోసం చేసి ఆవిడ చేతిని మరిచాం.

ఆవిడ ఇంటికి పోవడానికి కూరగాయల సంచీ అందుకుంది. వంగి, సంచీ పిడుల్లోకి చెయ్యి దూర్చి, మణికట్టుకు తగిలించుకుని లేచింది. అందులో దోసకాయలున్నాయి, ఒక పెద్ద గుమ్మడి ముక్క ఉంది. తేలిగ్గా లేపింది.

"చెల్లెమ్మా, ఆగు!" అని అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి ఆగింది. "ఆ సంచీ ఎప్పుడూ అట్టానే పట్టుకుంటావా?"

"వేళ్లతో పట్టుకోలేను కదన్నా. మణికట్టు బాగానే ఉందిగా. బిందె కూడా మోచేత్తో ఎత్తుతా."

అన్ని రోజులూ మేం ఆవిడ చేతిలో పనిచేయని భాగాన్నే చూస్తూ కూర్చున్నాం. పనిచేసే భాగం ఎదురుగా సంచీ మోస్తోంది. డ్రైవరు గారిని పట్టుకుని అడిగాను. "భాయ్, పాత బస్సుల్లో కండక్టరు గంట కొట్టే తాడు ఉండేది కదా. బస్సు పొడుగునా ఎక్కడ లాగినా ముందు గంట మోగేది. అట్టా ఒక్క లాగుడుకి లోపలి గడియ ఊడిపోయేట్టు చేస్తే?"

ఆయన కళ్లు మెరిశాయి. ఆ తాడు బస్సు కప్పుకు ఎలా కట్టేవాళ్లో, ఎక్కడ ఇరుక్కునేదో, ఇరుక్కుంటే ఏం చేసేవాళ్లో అక్కడే నిలబడి చేతులు తిప్పుతూ చెప్పాడు. బేరం మాట మళ్లీ ఎత్తలేదు.

సొరుగు ముందు పలక వెనకాల ఒక కొక్కెం పెట్టాం. చిన్న స్ప్రింగు దాన్ని పైకి నెడుతూ ఉంటుంది. సొరుగు మూయగానే అది పై బద్దలో తీసిన గాడిలోకి దూరి టక్‌మంటుంది. కొక్కేనికి కట్టిన తాడు పలకలో రంధ్రం గుండా బయటికి వచ్చి ఉచ్చులా వేలాడుతుంది. అందులో చెయ్యి దూర్చి లాగితే ముందు కొక్కెం దిగుతుంది, అదే లాగుడుకు సొరుగూ వస్తుంది. చెప్పడానికి ఇంతే. మొదటి కొక్కెం ఇనపది, సముద్రం గాలికి తుప్పు పడుతుందని పెద్ద మేస్త్రి విసిరేశాడు. టేకుతో చేస్తే అంచు విరిగింది. చివరికి తుమ్మ చెక్కతో ఒక్కొక్కటీ ఆయనే కూర్చుని చెక్కాడు. ఒకటి చెక్కి, వేలితో మీటి, నచ్చక అవతల పారేసి, మళ్లీ ఇంకో ముక్క అందుకునేవాడు. భోజనానికి లేవమంటే ఉలి ఊపి నన్ను పొమ్మనేవాడు.

తాడు దగ్గర ఆవిడే మమ్మల్ని దిద్దింది. నైలాన్ తాడు మణికట్టును కోస్తోందని చూపించి, "మంచానికి అల్లే నవారు ఉందిగా, వెడల్పుగా మెత్తగా ఉంటది" అంది. నవారు ముక్కలు కోసి ఉచ్చులు చేశాం. బండెక్కి మొదటి ఉచ్చులో చెయ్యి దూర్చి లాగింది. సొరుగు వచ్చింది. తుంటితో నెట్టింది. టక్‌మంది. రెండోది తీసింది. మూడోది తీసింది. అన్నీ తీసి అన్నీ మూసింది. దిగేటప్పుడు నవ్వలేదు సరికదా, "రోడ్డు మీద చూడాలి" అంది. నాకు ఆవిడ మీద గౌరవం అప్పుడు పెరిగింది. పని తెలిసినవాళ్లు షెడ్డులో మెచ్చుకోరు.

రోడ్డు మీద చూసే రోజు వచ్చింది. ఈసారి రేపల్లె వెళ్లి, అక్కణ్ణుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల పోయి, సముద్రం దాకా చూసి వద్దామనుకున్నాం. పొద్దున మేం వెళ్లేసరికి ఆవిడే సామాను సర్దేసి ఉంది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట. అన్నిటికన్నా కింద ఉన్న పెద్ద సొరుగును పెద్ద మేస్త్రి కాలితో తట్టి చూశాడు.

"ఇదేంటమ్మా, ఇంత బరువుంది?"

"పాత బట్టలు పెద్దాయనా. నిండా బరువుంటేనేగా నిలబడుద్దో లేదో తెలిసేది."

"అవునవును" అన్నాడాయన, తన కొక్కేనికి పరీక్ష గట్టిగానే ఉందని సంతోషపడుతూ.

జంపని దాటాక వడ్లు ఇంకా ఆరుతున్నాయి. ట్రాక్టరు లేదు, ఎదురుగా ఏమీ లేదు. అయినా సరిగ్గా అదే చోట డ్రైవరు గారు మాకు చెప్పకుండా గట్టిగా బ్రేకు తొక్కాడు. నేనూ పెద్ద మేస్త్రీ ఒకరి మీద ఒకరం పడ్డాం. సొరుగులు గోడకున్నట్టే ఉన్నాయి. ఆయన అద్దంలోంచి వెనక్కి చూసి మళ్లీ గేరు వేశాడు. రైలు గేటు దగ్గర ఎగిరెగిరి పడ్డాం. భట్టిప్రోలు మలుపుల్లో అటూ ఇటూ ఊగాం. రేపల్లెలో టీ తాగుదామని ఆపితే ఆవిడ ఒప్పుకోలేదు. "బయట చాయ్ ఎందుకు? బాపట్లలో నేను పెడతా" అంది. చెరుకుపల్లి దారి గుంటలు మీకు తెలియనివి కావు. ప్రతి గుంటకూ నేను సొరుగుల వైపు చూసేవాణ్ణి. పెద్ద మేస్త్రి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను కానీ ప్రతి కుదుపుకూ ఆయన పెదాలు బిగుసుకుంటున్నాయి.

బాపట్ల దాటి సముద్రం దగ్గర సరుగుడు తోపు పక్కన బండి ఆగింది. ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ కిందికి దింపేసి తలుపు వేసుకుంది. మేం ఇసకలో నిలబడ్డాం. బయటికి ఏమీ కనపడదు, చప్పుడు వినాల్సిందే. సొరుగు జరిగిన శబ్దం వచ్చింది, తరవాత టక్. అది గిన్నె. మళ్లీ జరిగింది, టక్. టీ పొడి. తరవాత చాలాసేపు ఏమీ లేదు. డ్రైవరు గారు తలుపు వైపు ఒక అడుగు వేశాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను. లోపల సొరుగు జరిగింది. టక్. "పంచదార" అన్నాడు పెద్ద మేస్త్రి మెల్లగా.

కాసేపటికి మోచేత్తో తలుపు తోసి, రెండు ముంజేతుల మీద పళ్లెం పెట్టుకుని ఆవిడ దిగింది. నాలుగు గ్లాసులు. కొంచెం తొణికింది కానీ ఎవరం చెయ్యి చాపలేదు. టీలో పంచదార ఎక్కువైంది. నా జీవితంలో అంత మంచి టీ తాగలేదంటే మీరు అతిశయోక్తి అంటారు, అనుకోండి. డ్రైవరు గారు గ్లాసు పట్టుకుని అటు తిరిగి సముద్రం చూస్తూ తాగాడు. ఆయన భుజాలు కదలటం నేను చూశాను.

టీ అయ్యాక ఆవిడ నమాజుకు దిక్కు ఫోనులో చూసుకుని, "పడమర ఇటు" అని బండి ముక్కు వైపు చూపించి, ఆ పక్కకు వెళ్లి కూర్చుంది. పెద్ద మేస్త్రి గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. బండి ముక్కు చూశాడు, డ్రైవరు వైపు గోడ చూశాడు. ఆయన లెక్క వేయడం నాకు కనపడుతూనే ఉంది. ముక్కు పడమరయితే సొరుగులు తెరుచుకునేది దక్షిణానికి. తన చేత్తో చెక్కిన కొక్కేలు, అన్నీ దక్షిణానికే.

ఇప్పుడేమంటాడోనని చూస్తున్నాను. ఆయన మిగిలిన టీ తాగేసి, ఆవిడ తిరిగి రాగానే, "ఇంకొంచెం ఉందా తల్లీ?" అని గ్లాసు చాపాడు. ఆవిడ మళ్లీ లోపలికి వెళ్లింది. సొరుగు జరిగింది, టక్‌మంది. ఆయన ఆ చప్పుడుకు తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు బాపట్ల బస్టాండు దగ్గరికి రాగానే ఆవిడ బండి ఆపమంది. ఈసారి ఉర్దూలో కాదు. మాకూ వినపడాలని తెలుగులోనే మాట్లాడింది.

"ఏవండీ, వీళ్లకు ఇక్కడ తెనాలి బస్సు దొరుకుద్ది. మనం చీరాల వైపు తిప్పుదాం."

"చీరాలలో ఏం పని?"

"చీరాలలో ఏమీ లేదు. దాని అవతల ఒంగోలు, ఆ అవతల మీరు చెప్పిన శ్రీశైలం ఘాటు."

డ్రైవరు గారు నోరు తెరిచాడు. "మరి బట్టలు?"

"కింది సొరుగులో ఉన్నాయి. మీ బీపీ మాత్రలూ అందులోనే."

"ఇంటికి తాళం?"

"వేశా. తాళంచెవి చెల్లెలికిచ్చా. పాలబ్బాయికి వద్దని చెప్పా. గ్యాస్ కట్టేశా. ఇంటికెళితే మళ్లీ అందరూ వస్తారండీ. ఇప్పుడెందుకు, ఎండలు పోనీ, వానలు పోనీ అంటారు. నా చేతిలో గిన్నె లాక్కుంటారు. పొద్దున్నే అనుకున్నా, సొరుగు తెరుచుకుంటే వెళ్లిపోదామని."

"తెరుచుకోకపోతే?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"కింది సొరుగు తియ్యకుండానే ఇంటికి తీసుకుపోయేదాన్నన్నా. ఎవరికీ తెలిసేది కాదు."

మేమిద్దరం పనిముట్ల సంచీతో బాపట్ల బస్టాండు ముందు దిగాం. కొక్కేలకు అప్పుడప్పుడూ మైనం రాయమని చెప్పాను. డ్రైవరు గారు మా ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు. బండి కదిలింది. మలుపు దగ్గర అడ్డంగా ఒక ఆటో దూసుకొచ్చింది, బ్రేకు కీచుమంది. పెద్ద మేస్త్రి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం చెవులు రిక్కించాం. లోపల ఒక్క డబ్బా కూడా దొర్లలేదు. కిటికీలోంచి ఆవిడ చెయ్యి బయటికి వచ్చింది, వేళ్లు వంగిన చెయ్యి. మా వైపు ఊపి, ముందుకు పొమ్మని డ్రైవరుకు సైగ చేసింది.